మొక్కజొన్న షీటు

"మేడం, మీ షీటు పలిగింది" అని జాల్యా ఫోన్ చేసినప్పుడు కీర్తన నమ్మలేదు. ఎక్కడో ఓ మూల చిరిగి ఉంటుంది, మనిషి కంగారుపడుతున్నాడు అనుకుంది. పొద్దున్నే జనగామలో రైలెక్కి మానుకోటలో దిగి, అక్కడ గూడూరు బస్సు పట్టుకుని, స్టాపులో కాచుకుని ఉన్న జాల్యా మోటార్‌సైకిల్ వెనక కూర్చుని తండా దాటేదాకా ఆ ధీమా అలాగే ఉంది. చేను గట్టు మీద దిగాక మాత్రం అది ఎగిరిపోయింది.

ఎకరం మిర్చి. ఎత్తుగా తోలిన బెడ్ల మీద గడ్డి మొలవకుండా నల్లటి షీటు పరిచి, దానికి వరసగా బొక్కలు చేసి, ఒక్కో బొక్కలో ఒక్కో నారుమొక్క పెట్టారు. ఇప్పుడా షీటు ఒక మొక్క దగ్గర మొదలై పక్క మొక్క దాకా, అక్కడి నుంచి దాని పక్క మొక్క దాకా, సాలు పొడుగునా చీలిపోయింది. చీలికల్లోంచి తుంగ, గరిక సందు దొరికిందే చాలన్నట్టు తోసుకొచ్చాయి. మిర్చి ఇంకా జానెడు ఎత్తయినా లేదు. గడ్డి దాన్ని అప్పుడే మించిపోయింది.

"ముందుగాల సన్నగ గీతలు గీతలు కనవడ్డయి" అన్నాడు జాల్యా, ఏదో తానే చేసినట్టు తల గోక్కుంటూ. "వానకు సాగినదేమో అనుకున్న. తెల్లారి సూస్తె గిట్ల నోరు తెరిసింది."

సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని అతని భార్య గోరీ చేత్తోనే గడ్డి పీకుతోంది. కీర్తనను చూసి, మట్టి చేతులు కొంగుకు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయింది కీర్తన. ఈ చేను ఆవిడకు ఏమిటో ఆమెకు తెలుసు. మామూలు ప్లాస్టిక్ షీటు వద్దని, కోత అయ్యాక ఆ ముక్కలు మట్టిలోంచి ఏరలేక చచ్చిపోతున్నామని, తండాలో అందరికంటే ముందు ఈ కొత్త షీటుకు ఒప్పుకున్నది గోరీయే.

ఆ షీటు కీర్తన చేతి పని. మొక్కజొన్న పిండితో చేసింది, పంట పూర్తయ్యాక మట్టిలో మట్టై పోవాలి. ఉత్త పిండితో తీసిన షీటు అప్పడంలా విరిగేది. మెత్తదనానికి గ్లిజరిన్ కలిపితే వానాకాలం చెమ్మ పీల్చి చేతికి అతుక్కునేది. ఆ జిగట పోవడానికి ఆముదం నుంచి తీసిన సరుకు, ఎండను ఆపడానికి నల్లపొడి కలిపి, ఏది ఎంత పడాలో తేల్చుకునేసరికి రెండేళ్లు పట్టింది. పండగలకు పాలకుర్తిలోని ఇంటికి వెళ్లినా అమ్మ పిండి కలుపుతుంటే ఆమె బుర్రలో ఈ పాళ్లే తిరిగేవి.

తను పనిచేసే షీట్ల యూనిట్ ఓనరు యుగేందర్‌కు ఫోన్ చేసి చీలిందని చెప్పింది.

"మేకల్ని తోలిండ్రు గావచ్చు, సక్కగ సూడు" అన్నాడతను. "తండోళ్ల సంగతి నీకు తెల్వదు. ఊకెనే ఇచ్చినమంటే ఊకెనే పోగొడ్తరు."

ఫోన్ స్పీకరులో లేదు గానీ యుగేందర్ గొంతు పెద్దది. పక్కనే డ్రిప్పు పైపు సర్దుతున్న జాల్యా తల ఎత్తలేదు. చేను చుట్టూ ముళ్లకంప వేసి ఉంది. ఎక్కడా గిట్ట ముద్ర లేదు. కీర్తన ఆ మాటే చెప్పింది. "అయితె ఏందో కనుక్కో. శుక్రారం జాన్ సార్‌ను పట్టుకొస్తున్న" అని పెట్టేశాడు.

జాన్ అంటే మానుకోట మిర్చి రైతుల సంఘం కార్యదర్శి. ఈ ఎకరంలో షీటు నిలబడితే వచ్చే సీజన్‌కు సంఘం రైతులందరికీ ఇదే తీసుకుంటామన్నాడు. షీటు తప్పు వల్ల గడ్డి మొలిస్తే, పంట చేతికొచ్చేదాకా కలుపు తీసే మనుషులను యూనిట్టే పంపాలని కూడా అతనే మాట తీసుకున్నాడు. రైతు తప్పయితే రైతే పడాలి.

కీర్తన చెప్పులు విడిచి సాళ్లలోకి దిగింది. చీలిక పొడుగునా వేలు పోనిస్తూ పోయింది. బొక్కలకు దూరంగా షీటు తను చేసినట్టే ఉంది, గుడ్డలా మడత పడుతోంది. బొక్క అంచు మాత్రం ముట్టుకుంటే పెళుక్కుమంటోంది. ప్రతి బొక్కా అంతే. గ్లిజరిన్ వానకు కడుక్కుపోయిందా? అలాగైతే షీటంతా పోవాలి గాని అంచుల్లోనే ఎందుకు?

మధ్యాహ్నం గోరీ జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు ముందు పెట్టింది. కీర్తన తినకుండా ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో విరిగిన అంచు ముక్క పట్టుకుని కూర్చుంది.

"అక్కా, ఈ బొక్కలు ఎట్ల చేసిన్రు?"

"ఎట్ల చేస్తరు? నిప్పుల డబ్బతోని." ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది గోరీ. "పాల డబ్బకు ఇనుప కడ్డి కట్టి, అండ్ల బొగ్గులు పోసి అంటివెడ్తం. అడుగు ఎర్రగయినంక షీటు మీద గిట్ల ఆనిచ్చి తీస్తం. గుండ్రంగ బొక్క పడ్తది. ఈడ అందరం గట్లనే చేస్తం. కత్తితోని కోస్తె ఎప్పుడు ఒడవాలె?" అంతలో ఏదో గుర్తొచ్చి నవ్వింది. "పోయినేడు ప్లాస్టిక్ కాలిస్తె కండ్లు మండినయి, దగ్గు. మీది కాలిస్తె కమ్మగ కాల్చిన కంకి వాసన. పక్క చేనోళ్లు, కంకులు కాలుస్తున్నరా, మాకేవి అని కేకేసిన్రు."

కీర్తన చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. ప్లాస్టిక్ అయితే వేడికి కరిగి, బొక్క చుట్టూ కడియంలా గట్టిపడుతుంది. చీలిక రమ్మన్నా రాదు. పిండి కరగదు, మాడుతుంది. మాడిన అంచు నుంచి చీలిక మొదలవుతుంది. ల్యాబ్‌లో తను ఎప్పుడూ పదునైన గొట్టంతోనే బొక్కలు కొట్టింది. షీటు పరిచిన రోజు ఇక్కడే ఉంది, రైలు టైమవుతోందని నాటు మొదలుకాక ముందే వెళ్లిపోయింది. బొక్క అంటే బొక్కే అనుకుంది. దాన్ని ఎలా చేస్తారని ఎవరినీ అడగలేదు.

దాచడం ఎందుకు, ఆ క్షణాన ఆమెకు సంతోషమే కలిగింది. షీటులో లోపం లేదు! లేచి గట్టు మీదికి పరిగెత్తినట్టే వెళ్లి యుగేందర్‌కు ఫోన్ చేసింది. "సార్, వీళ్లు బొక్కలు నిప్పుతోని కాల్చిన్రు. అంచులు మాడి చీలింది. మన మిశ్రమం మంచిగనే ఉంది."

"శెబాష్!" అన్నాడు యుగేందర్. "అయిపాయె గదా. రైతు తప్పు."

సంతోషం అక్కడే ఆగిపోయింది. "మనం వాళ్లకు కాల్చొద్దని చెప్పలే సార్."

"చెప్పినవనుకో."

"సార్..."

"కీర్తనా, ఇను. నువ్వు చెప్పినవ్, వాళ్లు ఇనలే. శుక్రారం జాన్ సార్ ముంగట గా ఒక్క మాట అను. అనకుంటె నీ షీటుకు ఈడికె ఖతం. ఇంకో సీజన్ నడిపే తాకత్ నాకు లేదు."

ఆమె సరే అనలేదు, కాదనీ అనలేదు. వెనక్కి తిరిగితే డ్రిప్పు పైపు దగ్గర జాల్యా నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. "బస్సుకు టైమైతంది మేడం, దించొస్త దా" అన్నాడు అంతే.

*

మర్నాడు జనగామలో, పత్తి మార్కెట్ వెనక ఉన్న యూనిట్‌లో కీర్తన ఒక ఖాళీ పాల డబ్బా సంపాదించింది. కడ్డీ కట్టి, బొగ్గులు అంటించి, షీటు ముక్కను చెక్క మీద బిగించి ఆనించింది. చుయ్యిమని పొగ లేచింది. నిజంగానే కాల్చిన కంకి వాసన. ఆ వాసనకు మిషన్ దగ్గరి వాళ్లు వచ్చి చుట్టూ చేరారు. ముక్కను రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగింది. అంచు దగ్గర సన్నటి గీత పుట్టి, చూస్తుండగానే ఆ చివర దాకా పాకింది.

ఇంకో ముక్కను అలాగే కాల్చి, మాడిన అంచు మేరకు కత్తెరతో కత్తిరించి లాగి చూసింది. చీలలేదు, సాగింది. అంటే చేనులో ఇంకా చీలని బొక్కలను కాపాడుకోవచ్చు. చీలినచోట మట్టి కప్పాలి, మిగిలినచోట అంచు తీసేయాలి. మనుషులుంటే అయ్యే పనే.

తర్వాత ఆమె బుర్ర ఊరుకోలేదు. నిప్పుకు ఆగేలా చేయలేమా? గ్లిజరిన్ పెంచింది, లాభం లేదు. జిన్నింగ్ మిల్లులో ఊడ్చి పారబోసే పత్తి నూగు గుప్పెడు తెప్పించి, జల్లించి, మిశ్రమంలో కలిపి చిన్న ముక్క తీసింది. షీటు కొంచెం గరుకుగా వచ్చింది. డబ్బా ఆనించి లాగింది. గీత పుట్టింది, వేలెడు దూరం పాకింది, నూగు పోగు అడ్డం తగిలి ఆగిపోయింది. ఇంకా లాగింది. ఆగే ఉంది.

ఒక్క ముక్కతో తేలేది కాదు. నూగు ఎక్కువైతే మిశ్రమాన్ని బుడగలా ఊది షీటు తీసే మిషన్‌లో ఆ బుడగ పగిలిపోతుంది, తక్కువైతే చీలిక ఆగదు. మళ్లీ పాళ్లు, మళ్లీ చేను, మళ్లీ వాన చూడాలి. కానీ దారి మాత్రం కనిపించింది.

సాయంత్రం యుగేందర్ వచ్చి ఆ ముక్కను లాగి చూశాడు. వెలుతురుకు పట్టి నూగు పోగులు చూశాడు. ఒకప్పుడు అతను ప్లాస్టిక్ కవర్ల హోల్‌సేల్ వ్యాపారి. జనగామ మోరీల్లో ఇరుక్కున్న కవర్లలో సగం నావేనని తనే నవ్వుతూ చెప్పుకునేవాడు. నవ్వేవాడు గానీ ఆ వ్యాపారం ఎత్తేసి, ఉన్నదంతా ఈ మిషన్‌లో పెట్టాడు.

"గిది అయితది కీర్తనా" అన్నాడు, గొంతు తగ్గించి. "తప్పక అయితది. గని ఈ సీజన్ దాటాలె. జాన్ సార్ ఖరాబ్ అని రాసుకపోయిండంటె, గీ ముక్కను సూసేటోడు ఎవ్వడు లేడు. ఒక్క మాట. ఆళ్ల చెయ్యి నరికిచ్చుమంటున్ననా? నాలుగు దినాలు ఎక్కువ గడ్డి పీకుతరు, గంతే."

అతను చెడ్డవాడు కాదు. అదే ఆమెకు కష్టమైంది. చెడ్డవాడైతే కాదనడం తేలికయ్యేది.

*

శుక్రవారం ఆమె యుగేందర్ కారులో వెళ్లలేదు. తెల్లవారుజామున రైలుకే వెళ్లి, సంచీలో ఉన్న కత్తెరలు గోరీ ముందు పోసింది. అంచు ఎంతమేర తీయాలో, మొక్క కాడ తగలకుండా కత్తెర ఎలా తిప్పాలో చూపించింది. గోరీ ఒకసారి చూసి, రెండో బొక్కకే ఆమెకంటే చురుగ్గా తిప్పింది. ఇద్దరూ చెరో సాలు పట్టుకున్నారు. మాడిన అంచులు నల్లటి గాజుముక్కల్లా మట్టిలో రాలుతున్నాయి. జాల్యా వెనకాలే వస్తూ చీలికల మీద మట్టి ఎగదోస్తున్నాడు.

"నిప్పు వెట్టింది నేనే గదా" అంది గోరీ కొంతసేపటికి, తల ఎత్తకుండా. "నాకు తెల్వకపాయె."

"నీ తప్పు కాదక్కా."

"మరి ఎవ్వలది?"

నాది అనడానికి కీర్తన నోరు తెరిచింది. అంతలో ముళ్లకంప అవతల కారు ఆగిన చప్పుడైంది.

జాన్ పొడుగాటి మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నేరుగా సాల్లోకి దిగాడు. చీలిక చూశాడు, గడ్డి చూశాడు. యుగేందర్ వెనకాలే వచ్చి, ఒక అంచు ముక్క అతని చేతిలో పెట్టాడు.

"సూడుండ్రి సార్, కాల్చిన్రు. షీటుకు ఏ రోగం లేదు. నిప్పు వెట్టొద్దని మా మేడం ముందుగాలనే చెప్పింది. ఏం కీర్తనా, చెప్పినవా లేదా?"

గోరీ కత్తెర ఆగింది. జాన్ ఆమె వైపు చూశాడు. రెండు రాత్రులుగా ఆమె మనసులో అల్లుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కళ్ల ముందు నూగు అడ్డం తగిలి ఆగిన ఆ గీత ఒక్కటే కనిపిస్తోంది.

"చెప్పింది సార్" అన్నాడు జాల్యా.

అందరూ అటు తిరిగారు. పార మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "మా చెల్లె చెప్పే పోయింది. కాల్చొద్దన్న, కత్తితోని కొయ్యన్న అని. నేనే ఇనలే. కూలోళ్లు దొరుకరు, జల్ది అయితదని నేనే కాల్చిన. మాదే తప్పు. రాసుకోండ్రి."

గోరీ తల ఎత్తి మొగుడి వైపు చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. వాళ్లిద్దరూ ముందే అనుకున్నారని కీర్తనకు అప్పుడు తెలిసింది. ఫోన్ మాటలు అతను మొత్తం విన్నాడు. విని, ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. చెప్పాక ఇద్దరూ కలిసి, కీర్తన అనాల్సిన అబద్ధం తామే ఆడాలని అనుకున్నారు. ఇంతవరకూ మేడం అన్నవాడు ఇప్పుడు చెల్లె అన్నాడు.

యుగేందర్ ముఖం విప్పారింది. "సూసిండ్రా సార్, మనిషి నిజాయితీగ ఒప్పుకున్నడు."

ఇక కీర్తన ఏమీ అననక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. ఆమె నిజంగానే కాసేపు ఊరికే నిలబడింది. ఆ కాసేపూ ఆమెకు హాయిగా ఉంది కూడా. జాన్ జేబులోంచి పెన్ను తీశాడు.

"లేదు సార్" అంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. "నేను చెప్పలే. బొక్కలు ఎట్ల చేస్తరని నేను అడగనే లేదు. అన్న అబద్ధం చెప్తున్నడు, నా కోసం."

గాలికి చిరిగిన షీటు టపటపా కొట్టుకుంది. జాన్ పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆమెను పైకీ కిందికీ చూశాడు, కోపంగా కాదు.

"మా దిక్కు నిప్పుల డబ్బ లేని ఇల్లు లేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "దానికి ఆగని షీటును నేను రైతులకు ఎట్ల ఇయ్యను? ఆగేది చెయ్యగలవా?"

"చెయ్యొచ్చు సార్. టైం పడ్తది."

"చేసినంక రా. ఇప్పుడైతె లేదు." యుగేందర్ వైపు తిరిగాడు. "మాట ప్రకారం రేపట్నుంచి కలుపుకు మనుషులను పంపుండ్రి."

యుగేందర్ తల ఊపాడు. జాన్ కారు దగ్గరికి నడిచాక కీర్తన పక్కకు వచ్చి నిలబడ్డాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. తిడతాడనుకుంది. తిట్టలేదు.

"ఆ మనిషి తప్పు మీదేసుకొని నీ షీటును తీసుకొచ్చి నీ చేతుల వెట్టిండు" అన్నాడు. "పారేస్తివి. సోమారం రాకు. ఏదన్న ఉంటె నేనే ఫోన్ చేస్త."

"సార్, ఆ నూగు ముక్క..."

"ఆ ముక్కను ఏం చేస్కోను?" అని రెండడుగులు వేసి ఆగాడు. "నువ్వు సాయంత్రం బండికి రా. కార్ల జాగ లేదు."

కారు వెనక సీటు ఖాళీగానే ఉంది. అది తండా మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.

వెనక్కి వచ్చేసరికి జాల్యా పార కింద పడేసి గట్టు మీద కూర్చున్నాడు. ఆమెను చూడగానే ఒక్కసారిగా మండిపడ్డాడు.

"ఎందుకు చెప్పినవ్ చెల్లె? నేను అన్నంక నువ్వు సప్పుడు చెయ్యకుంటె ఏం పోతుండె? గడ్డి పీకితె పోతది. నీ కొలువు పోతె మల్ల మొలుస్తదా?"

"లేకుంటె మీరు మాట పడాలె కదన్నా."

"మాట పడుడు మాకేమన్న కొత్తనా?"

కోపంలో అన్నా, ఆ మాట మాత్రం అతను మామూలుగానే అన్నాడు, ఇవాళ ఉక్కగా ఉందన్నట్టు. మేకలు తోలారన్నప్పుడు తల ఎత్తకుండా పైపు సర్దుకున్నది ఇందుకేనా? కీర్తనకు ఏడుపు ఆగలేదు. పోయిన కొలువు కోసమా, పోయిన షీటు కోసమా అంటే రెండూ ఉన్నాయి. కానీ కాసేపటి కింద పెన్ను బయటికి వచ్చినప్పుడు తనకు కలిగిన హాయి గుర్తొచ్చి ఎక్కువ ఏడ్చింది. జాల్యా కంగారుపడి లేచాడు. ఏం చేయాలో తెలియక తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

సాల్లోంచి గోరీ తమ లంబాడీ భాషలో మొగుడితో ఏదో అంది. చిన్న మాటే. జాల్యా వంగి పార తీసుకుని సాల్లోకి దిగాడు.

కీర్తన ముఖం తుడుచుకుని వచ్చి గోరీ పక్క సాల్లో కూర్చుంది. "ఏమన్నవక్కా?"

గోరీ మొక్క కాడను వేలితో పక్కకు పట్టి, అంచు చుట్టూ కత్తెర తిప్పింది. మాడిన ముక్కను ఊడదీసి పక్కన పడేసింది.

"కొత్త కాదు గని, ఇయ్యాలైతె మాట పడలే గద, అని చెప్పిన" అంది, తర్వాతి బొక్క దగ్గరికి జరుగుతూ.